ఉప్పునీటి చుక్క మీద సంవాదం

ధవళేశ్వరం గోదావరి మంచినీటి మీద బతికిన ఊరు. ఆనకట్ట, లాకులు, కాలువలు, కాటన్ మ్యూజియం, ఏది చూసినా తీపినీటి కథే. ఆ ఊళ్ళో ఒక మేడ మీద గదిలో రెండడుగుల గాజు తొట్టె ఉంది. అందులో ఉన్నది సముద్రపు నీరు. రంగు చేపలు లేవు. పగడాలు లేవు, ఉండకూడదు కూడా: మన దేశంలో పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, పగడపు రాయి ముక్క తెచ్చి ఇంట్లో పెట్టుకున్నా నేరమే. ఆ తొట్టెలో పైకి కనిపించేది ఇసుక, ఖాళీ ఆల్చిప్పలు, గాజుకు పట్టిన గోధుమరంగు పొర. ఆ ఇంటి అమ్మాయి ఫొటోలు తీసేది ఆ పొరలోనూ, ఆ ఇసుకలోనూ తిరిగే ప్రాణుల్ని. వాటిలో పెద్దది మిల్లీమీటరుంటే గొప్ప.

ఆమె మేనమామ ఉప్పాడ తీరంలో రొయ్య పిల్లల హేచరీల్లో ల్యాబు పని చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. మైక్రోస్కోపు ఆయనకు జీవనాధారం, ఆమెకు వ్యసనం. ఒకే చుక్క నీటిని ఇద్దరూ చూస్తారు, చూసిన ప్రతిసారీ పేచీ పడతారు. ఆ పేచీని ఇక్కడ పెడుతున్నాను. ఇద్దర్నీ వరసలతోనే పిలుస్తాను. నాకు ఎవరి పక్షం తోస్తే వాళ్ళ పక్షం మధ్యలో మాట్లాడతాను.

మామయ్య: ముందు ఇది చెప్పమ్మా. ఈ ఊళ్ళో ఉప్పునీళ్ళు దేనికి? కాటన్ దొర 1847లో ఇక్కడ ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు. అప్పట్నుంచీ డెల్టా రైతు పోరంతా ఉప్పుతోనే. కాలువ చివరి భూముల్లో చవుడు తేలిందంటే ఆ ఇంట అన్నం సహించేది కాదు. తర్వాత రొయ్యల చెరువుల పేరు చెప్పి ఆ ఉప్పును మనమే పొలాల్లోకి తెచ్చుకున్నాం. నువ్వు మేడ కూడా ఎక్కించావు.

మేనకోడలు: మేడ మీద ఉప్పు ఏ చేనుకీ దిగదు మామయ్యా. మార్చిన నీళ్ళు కాలువలో పొయ్యను, బ్లీచింగు కలిపి చంపాకే పారబోస్తాను. నా మాట వేరు. మనం బ్యారేజీ మీద నుంచుని గోదావరి ఇక్కడితో అయిపోయినట్టే మాట్లాడతాం. గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలి ఆవలకి పోయాక ఆ నీళ్ళు ఏమయ్యాయని ఎవరూ అడగరు. నది సముద్రానికి ఇచ్చేది ఒండ్రు ఒక్కటే కాదు. దక్కను నల్లరాయి అరిగి, కరిగిన సిలికా నీళ్ళలో కలిసి పోతుంది. సముద్రంలో డయాటమ్‌లు పెంకు కట్టుకునేది ఆ సిలికాతోనే. నా గాజు మీద గోధుమ పొర అంతా డయాటమ్‌లే.

మామయ్య: నీ తొట్టెలో సిలికా నాసిక్ కొండలది కాదు. ఇసుకది, నువ్వు కలిపిన నీళ్ళది. కవిత్వం వద్దు.

మేనకోడలు: తొట్టెలోది ఎక్కువ భాగం ఇసుకదీ నీళ్ళదే, ఒప్పుకుంటాను. బంగాళాఖాతంలోది నదులదే కదా. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం వాళ్ళు మన గోదావరి మొగలో నీళ్ళు పరీక్షించి చూశారు. వరద రోజుల్లో నీరు బురదై వెలుతురు దిగదు కాబట్టి ఈ సూక్ష్మ మొక్కలు పెరగవు. వరద తీసి, నీరు తేటపడి, ప్రవాహం నిలిచాక ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఆ ప్రవాహం నిలిచేది ఎక్కడండీ? మన బ్యారేజీ తలుపుల దగ్గరే. ఇక్కడ తలుపు దించితే అక్కడ డయాటమ్‌లకి తెలుస్తుంది. ఇంకొకటి కూడా అడుగుతాను. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరు మనది. ఆ చేప ఎదురీది ఇక్కడికొచ్చేముందు ఏం తిని కొవ్వు పట్టింది? ఈ డయాటమ్‌లనీ, కోపిపోడ్‌లనే సన్న రొయ్యలాంటి ప్రాణుల్నీ వడగట్టి తినే కదా.

మామయ్య: పులస మాట బాగుంది. సరే, ఉప్పు నీ ఇష్టం. ఫొటో సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. మైక్రోస్కోపులో చూడ్డం వేరు, ఫొటో తియ్యడం వేరు. రొయ్య గుడ్డులోంచి వచ్చిన నాప్లియస్ ఏమీ తినదు, ఒంట్లో సొన మీదే బతుకుతుంది. ఆ దశలో వాటిని ఎలా పరీక్షిస్తాం? బకెట్టుకి ఒక పక్క లైటు పెడతాం. బలమున్నవి వెలుతురు దగ్గరికి ఎగబాకుతాయి. ఎగబాకని బ్యాచిని కాలువలో పొయ్యాల్సిందే. తర్వాత అది జోయా అవుతుంది, అవగానే ఆకలి. నీటిలో కీటోసిరాస్ ఆల్గే మిల్లీలీటరుకి లక్ష కణాలున్నాయా లేవా అని హీమోసైటోమీటరు గళ్ళలో లెక్కపెట్టేవాణ్ణి. లెక్కయ్యాక జోయాని చూసేవాణ్ణి. తోక వెనక రెట్ట పొడుగ్గా దారంలా వేలాడుతుంటే కడుపు నిండుతోందన్నమాట. దారం లేదు, పేగు ఖాళీ అంటే తెల్లారేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. కాళ్ళు కొట్టే తీరు, తిరిగే తీరు, గుండె కొట్టుకునే తీరు, అన్నీ కదలికలే. నీ ఫొటోలో కదలిక ఎక్కడుంది?

మేనకోడలు: ఫొటోలో కదలిక ఉండదు. కంటికి దొరకని క్షణం ఉంటుంది. వర్టిసెల్లా ఉంది చూడండి, సన్నని కాడ, కాడ చివర గంట. దాన్ని కదిపితే కాడ చుట్ట చుట్టుకుని ముడుచుకుంటుంది. దానికి సెకనులో నూరోవంతు కూడా పట్టదు. మీరు చాచినప్పుడు చూశారు, ముడుచుకున్నాక చూశారు. మధ్యలో ఏం జరిగిందో మీ కన్ను ఎప్పుడూ చూడలేదు. నాకు ఫ్లాష్ వెలుతుర్లో దొరికింది.

మామయ్య: దాని పేరెత్తకమ్మా. వర్టిసెల్లా, జూతామ్నియం, ఈ రెండూ నా నిద్ర తిన్నాయి. పిల్లల మొప్పల మీద, కాళ్ళ మీద గుత్తులుగా పట్టేస్తాయి. ఈదనివ్వవు, కుబుసం విడవనివ్వవు. ఫార్మలిన్ వేసి వదిలించుకునేవాళ్ళం.

మేనకోడలు: మీ ల్యాబులో నీటిప్రాణులు మూడే రకాలు మామయ్యా. రొయ్య, రొయ్యకి మేత, రొయ్యకి శత్రువు. నాలుగో రకం లేదు. జూతామ్నియం గుత్తిలో ఒక గంటని తాకితే గుత్తి మొత్తం ఒక్కసారే ముడుచుకుంటుంది. కార్కీసియం అని దాని చుట్టం ఉంది, అందులో ఏ గంట కాడ ఆ గంట కాడే ముడుచుకుంటుంది. జూతామ్నియంలో కండదారం కొమ్మ నుంచి కొమ్మకి తెగకుండా సాగడమే దానికి కారణం. మీరు దీన్ని ఎన్ని వేలసార్లు చూసుంటారో. ఎవరికైనా చెప్పారా?

మామయ్య: చెప్పే తీరికెక్కడిది? తెల్లారకుండా సీడు సంచులు వ్యానెక్కాలి. నువ్వు పుస్తకంలో చదివి చెబుతున్నావు, నేను రైతు ముఖం చూస్తూ పని చేశాను. 1994, 95ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి టైగరు రొయ్య చెరువులన్నీ ఊడ్చుకుపోయాయి. అప్పుడు మా చేతుల మీదుగా వెళ్ళిన పిల్లలు ఎలా ఉన్నాయనుకున్నావు? ముచ్చటగా ఉన్నాయి. మైక్రోస్కోపులో ఇంకా ముచ్చటగా ఉన్నాయి. ఆ వైరస్ మన లెన్సుకి అందేంత పెద్దది కాదు, పీసీఆర్ పరీక్ష వస్తేగాని అది పట్టుబడలేదు. పిల్ల అందం చూసి కొన్నవాడు చేను తాకట్టు పెట్టాడు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ చెరువులు నిండాయిగానీ, ఆ పాఠం నేను మర్చిపోలేదు. ఇంత చిన్న ప్రాణుల్లో అందానికీ ఆరోగ్యానికీ పొత్తు లేదు. ఫొటో ఏం చేస్తుంది? అందం మీద నమ్మకం పెంచుతుంది.

ఇక్కడ నేను మామయ్య పక్షాన ఉన్నాను. చిరుతపులి ఫొటో చూసినవాడికి అది బక్కచిక్కిందో లేదో కొంతైనా తెలుస్తుంది, ఎందుకంటే పులి ఎలా ఉండాలో మనకొక అంచనా ఉంది. కోపిపోడ్ విషయంలో ఏ అంచనా లేదు. అది పచ్చగా మెరిస్తే పచ్చగా మెరవడం దాని స్వభావమనుకుంటాం, నల్లటి నేపథ్యంలో తేలుతుంటే అది చీకట్లో బతుకుతుందనుకుంటాం. చూసేవాడు తన కంటితో సరిచూసుకునే వీల్లేని చోట ఫొటో తీసినవాడి మాటే సాక్ష్యం. అందువల్ల ఆ మాట మీద బరువు ఎక్కువ. మామయ్య ఆ బరువు గురించే అడుగుతున్నారు, అమ్మాయి దానికి సమాధానం చెప్పి తీరాలి.

మేనకోడలు: నా ఫొటో రోగాన్ని బయటపెడుతుందని నేనెప్పుడూ అనలేదు.

మామయ్య: అనవు. ఆ నల్ల నేపథ్యం ఎలా వస్తుందో చెప్పు మరి.

మేనకోడలు: మైక్రోస్కోపు కింద కండెన్సరులో మధ్యన గుండ్రంగా కత్తిరించిన నల్ల కాగితం పెడతాను. సూటి వెలుతురు ఆగిపోతుంది, పక్కల నుంచి వచ్చింది మాత్రమే ప్రాణి మీద పడి చెదిరి లెన్సులోకొస్తుంది. నీరు నల్లగా, ప్రాణి వెలుగుతూ కనిపిస్తుంది. ఈ ప్రాణుల ఒళ్ళు గాజే కదండీ. మామూలు వెలుతుర్లో పెడితే అంచు కూడా తెలీదు.

మామయ్య: అంటే సముద్రంలో అలా ఉండదు.

మేనకోడలు: ఉండదు. సముద్రంలో అవి కనిపించకుండా ఉండటానికే అలా ఉన్నాయి.

మామయ్య: ఇంకా ఉంది. కోపిపోడ్ మిల్లీమీటరు పొడవు. పది రెట్ల ఆబ్జెక్టివ్ కింద స్పష్టంగా కనిపించే లోతు ఎనిమిది తొమ్మిది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతుకి కూడా తక్కువ. కన్ను మీద ఫోకస్ పెడితే కాలు మసక, కాలు మీద పెడితే గుడ్ల సంచి మసక. నీ ఫొటోలో మీసం కొస నుంచి తోక వెంట్రుక దాకా అన్నీ తేటగా ఉన్నాయి. ఎలా?

మేనకోడలు: కొంచెం కొంచెంగా ఫోకస్ జరుపుతూ ముప్పై నలభై ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో తేటగా ఉన్న పొరని కంప్యూటర్‌లో కలుపుతాను.

మామయ్య: అంతసేపు అది కదలకుండా కూర్చుంటుందా?

మేనకోడలు: కూర్చోదు. మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో వేసి మత్తు ఇస్తాను. ఇసుకలో బతికే సన్నప్రాణుల్ని ఇసుక నుంచి విడదీయడానికి శాస్త్రజ్ఞులు వాడేదే. తర్వాత సముద్రపు నీళ్ళలోకి మారిస్తే చాలామటుకు తేరుకుంటాయి.

మామయ్య: చాలామటుకు. నీ కోపిపోడ్ ఫొటోలు రెండు ఇలా ఇవ్వు. (చూసి) ఇది మత్తులో ఉన్నది. ఇది చచ్చాక తీసింది.

మేనకోడలు: ఎలా చెప్పారు?

మామయ్య: దీని కండ తెల్లబారింది. బతికున్నదాని కండ అద్దంలా ఉంటుంది, లోపలి పేగు కనిపిస్తుంది. ప్రాణం పోగానే పాలు కలిపినట్టవుతుంది. మీసాలు చూడు, వేలాడిపోయాయి. కవర్ గ్లాసు కింద నీరు ఆవిరై ఉప్పు పెరిగి చచ్చింది. అంచున ఉప్పు పలుకులు కూడా పడ్డాయి చూడు.

మేనకోడలు: అవునండీ, అలాగే పోయింది. అయితే ఒక్క మాట. ఈ ఫొటో చూసి దాని చావు, చావుకి కారణం కూడా చెప్పారు మీరు. ఇందాక ఫొటోలో ఏమీ తెలీదన్నారు.

మామయ్య: ఫొటో చెప్పలేదమ్మా. ఇన్నేళ్ళు చూసిన కన్ను చెప్పింది.

మేనకోడలు: ఆ కన్ను ఎక్కడ దొరుకుతుంది నాకు? ఉప్పాడలో ఇప్పుడు చేరిన కుర్రాడికి ఎక్కడ దొరుకుతుంది? నాప్లియస్ బలంగా ఉంటే ఎలా ఉంటుంది, నీరసిస్తే ఎలా ఉంటుంది, జోయా కండ ఎప్పుడు తెల్లబారుతుంది, ఇదంతా మీలో ఉంది. మీతోపాటు పనిచేసిన వాళ్ళలో ఉంది. గోడకి తగిలించిన చార్టుల్లో ఉన్నవి ఏ దేశపు పుస్తకంలోంచో తీసుకున్న గీతల బొమ్మలు. మన నీళ్ళలో, మన ఎండలో, మన ట్యాంకులో పెరిగిన పిల్ల ఫొటో ఒక్కటి లేదు. మీరు ఫొటో వద్దన్న కొద్దీ ఆ చూపు మీతోనే ఆగిపోతుంది.

మామయ్య వెంటనే బదులివ్వలేదు. ఈ వాదనలో ఇది కీలకమైన చోటని నా అభిప్రాయం. కృష్ణా గోదావరి తీరాల్లో రోజూ ఎందరో కుర్రాళ్ళు మైక్రోస్కోపులో కన్నుపెట్టి సముద్రపు నీటిని చూస్తున్నారు. భీమవరం చుట్టుపక్కల చెరువు నీళ్ళు పరీక్షించే ల్యాబు లేని సెంటరు ఉండదు. ఇంతమంది ఇన్నేళ్ళుగా చూసినదంతా ఏ రోజు లెక్క ఆ రోజు రిజిస్టరులో అంకెలుగా మారి అటకెక్కింది. అంకె రైతుకి పనికొచ్చింది, కాదనను. ఆ అంకె వెనక ఉన్న ప్రాణి ఎలా ఉందో తెలుగు పిల్లలకి చూపించే బొమ్మ మాత్రం తయారు కాలేదు.

మామయ్య: నీకు బొమ్మే కావాలంటే గీతబొమ్మ వెయ్యి. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పి.ఎన్. గణపతి గారూ, జి. చంద్రశేఖరరావు గారూ బీచి ఇసుక రేణువుల మధ్య బతికే ప్రాణుల మీద పని చేశారు. 1962లో అచ్చేశారు. ఇసుకలో ఏముంటుందని అందరూ దాటిపోయే చోట వాళ్ళు ఒక లోకాన్ని చూశారు. ఆ పనిలో బొమ్మ అంటే చేత్తో వేసిందే. మైక్రోస్కోపుకి కెమెరా లూసిడా తగిలిస్తే ప్రాణి, కాగితం ఒకేసారి కనిపిస్తాయి, గీసుకుంటూ పోవడమే. గియ్యాలంటే నిర్ణయించాలి: ఇది కీలా, మడతా? ఇక్కడ వెంట్రుకలు నాలుగా, అయిదా? హార్పాక్టికాయిడ్ కోపిపోడ్ జాతి తేల్చాలంటే ఐదో జత కాళ్ళు విడదీసి చూడాలి. నీ ఫొటోలో ఆ కాళ్ళు ఒంటి కింద దాక్కుంటాయి. కెమెరా అన్నిటినీ తీస్తుంది, దేన్నీ తేల్చదు.

మేనకోడలు: అందుకే నేను ఫొటో కింద హార్పాక్టికాయిడ్ అని రాసి ఆగిపోతాను, జాతి పేరు రాయను. గీతబొమ్మ గొప్పదే. అయితే గీసినవాడు తనకు తెలిసినదే గీస్తాడు. తెలియనిది వదిలేస్తాడు. 1845లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డొన్నే, లియోన్ ఫూకో మైక్రోస్కోపు దృశ్యాల్ని డాగెరోటైపు పలకల మీద ఫొటోలుగా పట్టి పుస్తకం వేశారు. ఇక్కడ ఆనకట్టకి రాయి పడటానికి రెండేళ్ళ ముందు మాట. అచ్చు కోసం వాటిని మళ్ళీ చేత్తో చెక్కించాల్సి వచ్చింది, అప్పటికి వేరే దారి లేదు. అయినా ఆ పని ఎందుకు తలపెట్టారు? చేతి బొమ్మలో మనిషి ఊహ కలుస్తుందేమోనని. చూసినప్పుడు అక్కర్లేదనుకున్నది ఫొటోలో మూలన ఉండిపోతుంది, పదేళ్ళ తర్వాత ఇంకొకరికి అదే కావాల్సి రావచ్చు.

మామయ్య: అలా ఉండిపోవాలంటే మూలన కూడా అబద్ధం ఉండకూడదు. నువ్వు కంప్యూటర్‌లో కలిపేటప్పుడు ఆ మూలలు తుడిచేస్తున్నావు.

మేనకోడలు: తుడిచిన చోట తుడిచానని రాస్తాను.

మామయ్య: రాశావా ఇప్పటిదాకా?

మేనకోడలు: నా పుస్తకంలో రాసుకున్నాను. ఫొటో మీద రాయలేదు.

మామయ్య: అదీ. అక్కడుంది నా పేచీ.

వాల్తేరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అదే తీరంలో సముద్రపు నీటి రంగు మారితే, అందుకు కారణమైన డయాటమ్ ఆస్టీరియోనెల్లా జపోనికా అని డి.వి. సుబ్బారావు పరిశోధించి 1969లో ప్రకటించారు. నక్షత్రాల్లా అమరిన ఆ కణాలు ఒక్కొక్కటీ కంటికి ఆనవు, కోట్లు కూడితే సముద్రం రంగు మారుస్తాయి. ఒడ్డున నిలబడ్డవాడికి రంగు కనిపిస్తుంది, కారణం కనిపించదు. కారణం చూడాలంటే ఆ నీరు ఒక చుక్క తీసి లెన్సు కింద పెట్టిన మనిషి కావాలి. అమ్మాయి తన గదిలో చేస్తున్న పని అలాంటి పనికి చిన్న చెల్లెలు. దాన్ని కాలక్షేపమని తీసిపారెయ్యడం నాకు ఇష్టం లేదు.

మామయ్య: ఇంకొక మాటకి జవాబు చెప్పు. ఆ గాజు తొట్టె సముద్రం కాదు. ఉప్పాడ నీళ్ళు తెచ్చి పోసిన మర్నాడు అందులో వంద రకాలుంటే, కొన్నాళ్ళకి పది రకాలు మిగులుతాయి. మిగిలినవే పెరుగుతాయి. నువ్వు తీసేది సముద్రం ఫొటో కాదు, నీ తొట్టెని తట్టుకున్న వాటి ఫొటో.

మేనకోడలు: నాకు కావాల్సింది అదే. సముద్రంలో అన్నీ ఒకేసారి జరుగుతాయి, ఏది ముందో ఏది వెనకో తెలీదు. తొట్టెలో వరస కనిపిస్తుంది. మొదట ఏమీ కనిపించదు. ఆ రోజుల్లో బాక్టీరియా అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తుంటుంది. తర్వాత గోధుమ పొర, డయాటమ్‌లు. పడవ ఆకారంలో ఉన్న నావికులాలు గాజు మీద నెమ్మదిగా జారుతూ పోతుంటాయి, కాళ్ళు లేవు, తోక లేదు. వాటిని తినడానికి సిలియేట్‌లనే ఏకకణ ప్రాణులు వస్తాయి. వాటి వెనక కోపిపోడ్‌లు, నుదుట ఒకే ఎర్ర కన్ను. సిలికా అయిపోగానే గోధుమ పొర పలచబడి పచ్చది పెరుగుతుంది. ఒకే మూలని రోజూ ఒకే దూరం నుంచి తీస్తే ఈ మార్పు అంతా పట్టుబడుతుంది. ఇంకా నేర్చుకున్నది ఒకటుంది. రోహిణీకార్తెలో మన ఊరి ఎండ మీకు తెలుసు. తొట్టెలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. లీటరుకి ముప్పై అయిదు గ్రాములున్నది నలభై దాటుతుంది. మళ్ళీ ఉప్పునీరు పోస్తే ఇంకా పెరుగుతుంది, మంచినీరే పొయ్యాలి. కరెంటు పోతే ఏరేటరు ఆగి, వేడి నీళ్ళలో గాలి చాలదు. ఆ ఎండకి ఆన్‌లైనులో కొన్న దూరదేశపు కోపిపోడ్‌లు బతకలేదు. కాకినాడ రేవులో వలల నుంచి పారేసిన ఆల్చిప్పల్ని అంటుకుని వచ్చినవి బతికాయి.

మామయ్య: బతక్క ఏం చేస్తాయి? హోప్ ఐలాండ్ వెనక ఆ నీళ్ళు వరదలో చప్పబడతాయి, వేసవిలో ఉప్పెక్కుతాయి. అక్కడ పుట్టింది దేన్నైనా తట్టుకుంటుంది. కోరింగ మడ అడవిలోంచి మాత్రం ఏమీ తేలేదు కదా?

మేనకోడలు: లేదండీ. అది 1978 నుంచి అభయారణ్యం. అక్కడి బురద చెంచాడు కూడా ముట్టుకోను.

మామయ్య: మంచిది. అయితే నీ ఫొటోల్లో అసలు విషయం ఇదేనమ్మా. దూరదేశపువి చచ్చాయి, మనవి బతికాయి. దీన్ని ఎక్కడా చూపించకుండా ఆ వెలిగే కోపిపోడ్‌ని ఎందుకు ముందు పెడుతున్నావు?

మేనకోడలు: చూడగానే ఆగేది దాని దగ్గరే కాబట్టి. హైస్కూల్లో ప్రదర్శన పెడతామన్నారు. పిల్లలు గోడ దగ్గర ఆగాలి ముందు. వాళ్ళకి కాగితపు మైక్రోస్కోపులు కూడా తెప్పిస్తున్నాను, స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోపులు. మడిచి, పూసంత లెన్సు పెట్టి, ఫోనుకి అంటిస్తే నూట నలభై రెట్లు చూపిస్తుంది. ఫొటో చూసి ఆగినవాడు ఆ కాగితం కంటికి పెట్టుకుంటాడు.

మామయ్య: పెట్టుకుని చూస్తే వాడికి ఏం కనిపిస్తుంది? మసగ్గా, గబగబా తిరిగే ఒక చుక్క. గోడ మీది బొమ్మలా లేదే అని కాగితం పక్కన పడేస్తాడు. నువ్వు తీసిన అందమే వాడి కంటికి అడ్డం పడుతుంది.

ఈ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. సూక్ష్మప్రాణుల ఫొటోగ్రఫీ పెరిగేకొద్దీ, పోటీల్లో బహుమతులు గెలిచే బొమ్మలు తేటబడేకొద్దీ, సొంత కన్ను చూసేది చిన్నబోతోంది. మామయ్య భయం నిజమైన భయం. ఫొటో మానెయ్యడం దానికి మందు కాదని మాత్రం అమ్మాయిలాగే నేనూ అనుకుంటాను.

మేనకోడలు: అయితే ఏం చెయ్యమంటారు? ఆ ఫొటో తీసెయ్యను. దాని కోసం చాలా కష్టపడ్డాను. అది అబద్ధం కూడా కాదు. దానికి ఆ వెంట్రుకలన్నీ ఉన్నాయి, ఆ కన్ను అలాగే ఎర్రగా ఉంది.

మామయ్య: తియ్యమనలేదు. పక్కన ఇంకొకటి పెట్టు. కలపని ఒక్క ఫొటో. మత్తు ఇవ్వనిది, మామూలు వెలుతుర్లో తీసింది, కన్ను తేటగా, కాళ్ళు మసగ్గా ఉన్నది. అదే ప్రాణి, అదే రోజు. రెంటి కిందా రాయి: తారీకు, నీటిలో ఉప్పెంత, వేడి ఎంత, ఎన్ని రెట్లు, బతికుందా, మత్తులో ఉందా, చచ్చిందా, ఎన్ని బొమ్మలు కలిపావు. పక్కన కొలగీత గియ్యి, నూరు మైక్రాన్లు ఇంత అని.

మేనకోడలు: రాస్తాను. కొలగీత మాత్రం మీరు నేర్పాలి. నా దగ్గర స్టేజి మైక్రోమీటరు లేదు.

మామయ్య: నా పెట్టెలో ఉంది. రెండు ఫొటోలూ ఒకే సైజులో ఉండాలి.

మేనకోడలు: ఒకే సైజులోనే వేయిస్తాను. అయినా పిల్లలు మొదటిదాని దగ్గరే ఆగుతారు మామయ్యా.

మామయ్య: ఆగనీ. రెండోది చూసి ఇదేంటి మసగ్గా ఉందని అడుగుతారు. అడిగితే చెప్పడానికి మనిషుండాలి.

మేనకోడలు: మీరు రండి. మీరు దగ్గరుంటే వాళ్ళకి చచ్చినదేదో బతికినదేదో కూడా చెబుతారు.

మామయ్య: వస్తాను, ఒక షరతు. గోడ పక్కన బల్ల వేసి మైక్రోస్కోపు పెట్టించు, నాది తెస్తాను. స్లైడు మీద బతికున్న ప్రాణుల నీళ్ళుండాలి. నీ తొట్టెలోవి సగం, ఆ తెల్లారి ఉప్పాడ నుంచి తెచ్చినవి సగం. క్యాను నిండా పొయ్యకూడదు, పావు వంతు ఖాళీ ఉంచి తడిగుడ్డ చుట్టాలి, లేకపోతే బస్సు దిగేసరికి అన్నీ అడుగున పడి చచ్చుంటాయి. జూతామ్నియం పట్టిన రొయ్య పిల్ల ఒకటి దొరుకుతుందేమో మా పాత హేచరీలో అడుగుతాను. గుత్తి మొత్తం ఒక్కసారే ముడుచుకుంటుందన్నావుగా, అది పిల్లలతోపాటు నేనూ ఒకసారి చూడాలి.